ముందు మందిరమా, ముందు ఊరా? మా పెంతెకొస్తు సంఘం పదేళ్ల దర్శనం మీద చర్చ

కొల్లేటి గాలి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. మాది ఏలూరు వైపు డెల్టాలో ఒక ఊరు. మా పెంతెకొస్తు సంఘం వచ్చే పదేళ్లలో ఏమేం చేయాలో చెప్పే దర్శన పత్రం రాసుకుంటోంది. ఊరి కోసం ఏం చేయాలో రాసివ్వమని పాస్టర్ గారు మా యూత్‌కి చెప్పారు. పెద్దలు మాత్రం ముందు మందిరం కట్టాలంటున్నారు. ఇప్పుడున్న రేకుల షెడ్డు తీసేసి బాల్కనీతో స్లాబు వేయాలని, నిధి కూడా కొంత పోగైందని వాళ్ల మాట.

మేం అడుగుతున్నవి మూడు. పిల్లలకు సాయంత్రం ట్యూషన్, తాగునీటి ప్లాంటు, టీబీ, షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఆసుపత్రి దాకా తోడు. ఇవి బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే కాకుండా ఊరందరికీ ఉండాలి.

మా పేటలో సగం మంది తల్లులు రొయ్యల ప్లాంట్లలో పనిచేస్తున్నారు. తెల్లారకుండానే కంపెనీ వ్యాన్ వస్తుంది. రోజంతా ఐసులో చేతులు పెట్టి తలలు తీసి, పొట్టు ఒలిచి, చీకటి పడ్డాక ఇంటికొస్తారు. బడి అయ్యాక పిల్లలు ఎవరి ఫోన్ దొరికితే ఆ ఫోన్ పట్టుకుని అరుగుల మీద ఉంటారు. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో మా మందిరానికి తాళమే ఉంటుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తీస్తారు, అంతే. ఆ తాళం రోజూ సాయంత్రం తీస్తే చాలని నాకనిపిస్తోంది.

ఏది ముందు? మొహమాటం లేకుండా చెప్పండి. మా సంఘంలో లేనివాళ్లు కూడా చెప్పండి.

సంఘ పెద్ద

అమ్మాయ్, నువ్వు రాసింది చదివాను. నేనూ ఆ సంఘంలోవాణ్ణే కాబట్టి ఇక్కడే జవాబిస్తున్నాను.

వాన పడితే రేకుల చప్పుడుకి వాక్యం వినపడదు. ఎండాకాలం ముసలమ్మలు సొమ్మసిల్లుతున్నారు. చోటు చాలక ఆడవాళ్లు బయట టార్పాలిన్ కింద కూర్చుంటున్నారు. మందిరం అడిగేది గొప్పకోసం కాదు.

రెండో మాట. ఆ నిధి 'మందిర నిర్మాణ నిధి' అని చెప్పి తీసుకున్నాం. కూలి డబ్బుల్లోంచి ఇచ్చినవాళ్లున్నారు, గుప్పెడు బియ్యం తీసిపెట్టి అమ్మి ఇచ్చినవాళ్లున్నారు. ఇప్పుడు దాన్ని మళ్లిస్తే వాళ్లకిచ్చిన మాట ఏమవుతుంది?

మూడోది నాకు అన్నింటికన్నా ముఖ్యం. ఊరికి సంఘం ఏం చేసిందని అడిగేవాళ్లకు నేను ఒకటే చెబుతాను. 1995లో రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997కల్లా ప్రభుత్వమే ఎత్తేసింది. చట్టం వచ్చింది, పోయింది. మా సంఘంలో సాక్ష్యమిచ్చి తాగుడు మానినవాళ్లు మాత్రం మానినట్టే ఉన్నారు. భార్య మీద చెయ్యి చేసుకోవడం ఆగింది, కూలి డబ్బు ఇంటికి చేరింది. అది ప్రార్థన వల్ల, సంఘంలో పదిమంది కళ్లు వాళ్ల మీద ఉండటం వల్ల జరిగింది. ఆరాధన బలంగా ఉంటేనే మిగతావన్నీ నిలుస్తాయి. ఆరాధనకే చోటు లేకపోతే ట్యూషన్ ఎన్నాళ్లు నడుస్తుంది?

గుండ్లకమ్మ

పెద్దాయన మద్యం మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద ఆడవాళ్లు తిరగబడింది రాత్రిపూట చదువుకునే అక్షరాస్యత కేంద్రాల నుంచి. ఆ కదలికతోనే 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. సాయంత్రం చదువుని తక్కువ అంచనా వేయకండి, అది కూడా తాగుడు మాన్పించింది.

మాది ఒంగోలు వైపు, బాప్టిస్టు కుటుంబం. మా దగ్గర అందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1876-78 కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చారు. ఏ కులమని, ఏ మతమని చూడలేదు. ఆ కరువు రోజుల్లో చాలామంది బాప్తిస్మం అడిగితే ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమోనని ఆపేశారు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

సాయం చేసేటప్పుడు బాప్తిస్మం ఆపిన సంఘాన్ని ఊరు నమ్మింది. మీ దర్శన పత్రంలో నేను చూడాలనుకునేది ఆ నిగ్రహమే.

సంఘ పెద్ద

బ్రదర్, క్లౌ గారంటే మాకూ గౌరవమే. కానీ అది మిషన్ల కాలం, అమెరికా డబ్బు. మాది విశ్వాసుల కానుకల మీద నడిచే పెంతెకొస్తు సంఘం. మా బలం పరిశుద్ధాత్మ అభిషేకం, ప్రార్థన. ప్రతి సంఘానికీ ఒక పిలుపు ఉంటుంది. బడులు, ఆసుపత్రులు లూథరన్లు, బాప్టిస్టులు పెట్టారు, వాళ్ల పిలుపు అది.

పాత పాటల పుస్తకం

అయ్యగారూ, ఇక్కడ మీతో విభేదిస్తున్నాను. నేను కూడా పెంతెకొస్తు ఇంట్లో పుట్టినవాడినే.

మనదేశంలో పెంతెకొస్తు ఉజ్జీవం (ఆత్మీయ మేల్కొలుపు) గురించి చెప్పుకునేటప్పుడు 1905లో పుణె దగ్గర కేడ్‌గావ్‌లోని ముక్తి మిషన్ పేరు ముందు వస్తుంది. అది పండిత రమాబాయి గారు బాలవితంతువులకు, కరువులో దిక్కులేని ఆడపిల్లలకు పెట్టిన ఆశ్రయం. అక్కడ చదువు చెప్పేవారు, నేత నేర్పేవారు, అచ్చు పని నేర్పేవారు. ఆత్మ కుమ్మరింపు జరిగింది అలాంటి చోటే, ఆ పని చేసుకునే పిల్లల మీదే. మరుసటి ఏడాది లాస్ ఏంజలెస్‌లో అజూసా వీధి ఉజ్జీవం మొదలైంది. దాన్ని నడిపిన విలియం సేమౌర్ బానిసలుగా బతికినవాళ్ల కొడుకు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూర్చోవడమే అరుదైన రోజుల్లో అక్కడ కలిసి మోకరించారు. ఆ కూటాలు జరిగింది కూడా ఒకప్పుడు గుర్రాలశాలగా వాడిన పాత కట్టడంలో. బాల్కనీ లేదు.

మన ఏలూరు సంగతే తీసుకోండి. కేరళలో పుట్టిన ఇండియన్ పెంతెకొస్తు దైవసభ 1935లో సొసైటీగా రిజిస్టరైంది ఏలూరులోనే. అంటే ఈ నేల మీద మన చరిత్రకు తొంభై ఏళ్లు. ఊరి పని మన పిలుపు కాదనడానికి ఆ చరిత్రలో నాకు ఆధారం కనిపించలేదు.

వెనక వీధి

నేను హిందువుని. మా ఊళ్లోనూ ఇలాంటి సంఘం ఉంది, మా ఇల్లు దాని వెనకే. ఇక్కడ రాయొచ్చో లేదో అనుకున్నాను కానీ ఆ అమ్మాయి బయటివాళ్లని కూడా అడిగింది కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మకి బైపాస్ అయ్యి ఇంటికి తెచ్చిన వారం, మందిరంలో రాత్రి జాగరణ ప్రార్థన పెట్టారు. పైన హారన్ స్పీకర్లు. రాత్రంతా ఆమె దిండు చెవుల మీద అదుముకుని పడుకుంది. వెళ్లి అడిగితే వాల్యూమ్ తగ్గించారు, మళ్లీ పెంచారు. మా గుడిలో మైకులు పెట్టరా అని ఎవరైనా అడగొచ్చు. పెడతారు, దానికీ నేను ఇదే చెబుతాను.

2000 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. చెన్నైలో ఒక కాలనీవాళ్లకీ, చర్చ్ ఆఫ్ గాడ్ ఫుల్ గాస్పెల్ అనే పెంతెకొస్తు సంఘానికీ మధ్య కేసు. పక్కవాళ్ల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని కోర్టు తేల్చింది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బయటికి లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని రూల్స్ ఉన్నాయి. ఊరి కోసం దర్శనం రాసేవాళ్లు ట్యూషన్ కన్నా ముందు ఈ ఒక్క లైను రాయండి. ఖర్చు కూడా లేదు.

ఇంకో ప్రశ్న. ట్యూషన్‌కి మా పిల్లల్ని పంపితే అక్కడ ప్రార్థన ఉంటుందా? ఉంటే తప్పని అనను, కానీ ముందే చెప్పాలి. తర్వాత తెలిస్తే ఊళ్లో గొడవవుతుంది, నష్టపోయేది మీ సంఘమే.

కొల్లేటి గాలి

అన్నా, మీరు రాసినందుకు సంతోషం. స్పీకర్ల విషయం పత్రంలో మొదటి పేజీలో పెడతాను. హారన్లు దింపేసి లోపల బాక్సులు మాత్రమే ఉంచాలని యూత్ అందరం ఒప్పుకున్నాం.

ట్యూషన్‌లో ప్రార్థన ఉండదు. పాఠం వేళ పాఠమే. ఆదివారం బడి ఎలాగూ వేరే ఉంది, ఇష్టమైనవాళ్లు అక్కడికి వస్తారు. ఈ మాట మా సంఘంలో కొందరికి నచ్చదని తెలుసు.

సంఘ పెద్ద

నచ్చదమ్మా. దేవుని మందిరంలో ప్రార్థన లేకుండా పుస్తకం తెరవడమేమిటి? కళ్లు మూసుకుని ఒక్క నిమిషం స్తుతి చెబితే ఎవరికి నష్టం? సువార్త చెప్పడానికి సిగ్గుపడే సంఘం సంఘమే కాదు. అలాగని ఎవర్నీ బలవంతపెట్టమని నేను అనట్లేదు.

వెనక వీధి

పెద్దాయనా, మీకు అది ఒక్క నిమిషమే. ఎనిమిదేళ్ల పిల్లాడికి మాస్టారు కళ్లు మూసుకోమంటే మూసుకోవడమే, వాడికి వేరే దారి లేదు. పెద్దవాళ్లతో మీరు ఎంతసేపైనా సువార్త చెప్పుకోండి, వాళ్లు కాదనగలరు.

సబ్‌సెంటర్ సిస్టర్

నేను ఏఎన్ఎంని. క్రైస్తవురాలినే. ఆరోగ్యం సంగతి నన్ను చెప్పనివ్వండి.

మా పరిధిలో ఒకాయనకి టీబీ తేలింది. రెండో నెలకి దగ్గు తగ్గింది, ఒళ్లు పట్టింది. ఇంటి పక్కన స్వస్థత కూటంలో నిలబడి "ప్రభువు ముట్టాడు, మందులు పారేశాను" అని సాక్ష్యం చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. దగ్గు తగ్గింది కదా అని మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయి. ఆయనకి అదే అయ్యింది. అప్పటికి ఇంట్లో కోడలికీ సోకింది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు కిటికీ మీద సగం వాడిన మాత్రల అట్టలు ఇంకా అలాగే ఉన్నాయి.

టీబీకి పరీక్ష ఉచితం, మందులు ఉచితం. పౌష్టికాహారానికి ప్రభుత్వం ఇచ్చే నెలకి 500ని 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. లేనిదల్లా రోజూ మాత్ర వేసుకున్నావా అని అడిగే మనిషి. మా దగ్గర ఒక్కొక్కరికి చాలా ఊళ్లుంటాయి. సంఘంలో అయితే ప్రతి వీధిలో ఒక సిస్టర్ ఉంటుంది, ప్రార్థనకి ఎలాగూ ఇంటికెళ్తుంది. ఆ వెళ్లినప్పుడు అట్ట చూడమని చెప్పండి. మీరు 'తోడు' అన్నది నాకు బాగా నచ్చింది అందుకే.

కానీ ఒక షరతు. మందులు మానేశానని చెప్పే సాక్ష్యాన్ని వేదిక మీద చెప్పనివ్వకూడదు.

సంఘ పెద్ద

సిస్టర్, మా పాస్టర్ గారు ఎవర్నీ మందులు మానమని చెప్పలేదు, ఆయనే షుగర్ మాత్రలు వేసుకుంటారు. కానీ సాక్ష్యానికి షరతు పెట్టడం నాకు కష్టంగా ఉంది. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్న మనుషులు లేచి నడవడం నా కళ్లతో చూశాను. దాన్ని చెప్పొద్దంటే ఎలా?

సబ్‌సెంటర్ సిస్టర్

చెప్పండి అయ్యగారూ. లేచి నడిచారని చెప్పండి. ఆరు నెలలు పూర్తిచేసి, కఫం పరీక్షలో ఏమీ లేదని రిపోర్టు తెచ్చుకున్నవాడి చేత కూడా సాక్ష్యం చెప్పించండి. అది దేవుడు చేసింది కాదని మీరు అనరు కదా. వద్దన్నది ఒక్క "మందులు పారేశాను" అనే మాటనే. అది విని ఇంకో పదిమంది పారేస్తారు.

కువైట్ అక్క

నేను గోదావరి మనిషిని, కువైట్‌లో ఇంటి పని చేస్తాను. జీతం రాగానే దశమభాగం తీసి మా ఊరి సంఘానికి పంపుతాను. నా పిల్లలు మా అమ్మ దగ్గర పెరుగుతున్నారు. అమ్మకి చదువు రాదు. పాపకి లెక్కలు ఎవరు చెబుతారని ఇక్కడ రాత్రిళ్లు టెన్షన్. ట్యూషన్ అంటున్న చెల్లికి నా ఓటు.

కానీ కట్టడం వద్దనను. ఏది కడుతున్నారో చెప్పండి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఆడవాళ్లు పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుంటారు. మా మందిరంలో మరుగుదొడ్డి లేదు. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లం. బాల్కనీ ప్లాను గీసిన ఇంజనీరుకి ఎవరూ ఈ మాట చెప్పలేదా? ముందు అది కట్టండి.

ఇంకోటి. నేను పంపింది దేనికి ఖర్చయ్యిందో నాకు ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. అడిగితే విశ్వాసం తక్కువ అంటారని అడగలేదు. ఏడాదికోసారి ఒక కాగితం మీద లెక్క రాసి వాట్సాప్‌లో పెడితే చాలు.

నల్లకోటు

అక్క చివర్లో అన్నది అసలు విషయం. నేను లాయర్ని, సంఘాల ఆస్తి తగాదాలు చూస్తుంటాను. కొన్ని సంగతులు చెబుతాను.

మందిరం స్థలం ఎవరి పేరు మీద ఉంది? పాస్టర్ గారి సొంత పేరు మీద ఉంటే, ఆయన ఎంత మంచివారైనా ఆయన తర్వాత అది వారసుల ఆస్తి. స్లాబు వేశాక పిల్లల మధ్య పంపకాల కేసు పడితే మందిరానికి తాళం పడుతుంది. ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు కలిసి సొసైటీ పెట్టుకోవచ్చు. స్థలం ముందు దాని పేరుకి మార్చండి, ఆ తర్వాతే ఇటుక పేర్చండి. కట్టేముందు అనుమతులు తీసుకోండి, లేకపోతే రేపు ఎవరు కంప్లయింట్ ఇచ్చినా పని ఆగుతుంది.

నిధి విషయంలో పెద్దాయన మాట సరైనదే. మందిరం కోసమని చెప్పి తీసుకున్నదాన్ని యూత్ అడిగారని మళ్లించకూడదు. ఇచ్చినవాళ్లని సమావేశపరిచి అడగండి, ఒప్పుకున్నవాళ్లది మాత్రమే మార్చండి. లేదా ఊరి పనికి వేరే కానుక పెట్టె పెట్టండి.

విదేశాల డబ్బు గురించి: కువైట్ అక్కలాగా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి అబ్బాయి పంపితే వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. ఈ తేడా తెలియక ఇబ్బంది పడుతున్న చిన్న సంఘాలు ఉన్నాయి.

పేట గొంతు

లాయర్ గారూ, మీరు చెప్పింది కాగితం మీద బాగుంది. మా పేటలో సంఘం రిజిస్టర్‌లో పేరు రాయించుకోవడానికే జనం భయపడుతున్నారు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడికి ఎస్సీ హోదా లేదు. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, మనకి ఇవ్వలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత నిబంధన తీసేయమంది, తీయలేదు. 2025లో ఏపీ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టర్‌గా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది. తిట్టేవాడు కులం పేరు పెట్టే తిడతాడు, బాప్తిస్మం అయ్యిందా అని అడిగి తిట్టడు. బీసీ-సీలో ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది మాకు. ఊరవతల ఇల్లు మాత్రం ఎక్కడికీ మారలేదు.

దర్శన పత్రంలో ఈ మాటే లేదు. ట్యూషన్ పెట్టి పిల్లాడిని పదో తరగతి గట్టెక్కిస్తారు సరే, ఆ తర్వాత సర్టిఫికెట్ దగ్గర వాడు ఆగిపోతే సంఘం ఏం చెబుతుంది? మాట్లాడే సంఘం కావాలి మాకు.

ఇంకో సంగతి చెల్లీ. మీ ఊళ్లో సమాధుల స్థలం ఎక్కడుంది? మా ఊళ్లో చేల మధ్యన ఉంది, చుట్టూ చెరువులు తవ్వేశారు. వానాకాలంలో పెట్టె భుజాన పెట్టుకుని గట్టు మీద ఒక్కొక్కరుగా నడవాలి. పోయినేడు గట్టు జారి మోసేవాళ్లు నీళ్లలో పడ్డారు. పెట్టెని నీళ్లలోంచి ఎత్తుకున్నాం. బాల్కనీ కట్టే సంఘం ఆ బాట కోసం ఒక్క అర్జీ పెట్టలేదు.

నల్లకోటు

అన్నా, సొసైటీకి సంతకాలు పెట్టేవాళ్లు ఏడుగురు చాలు, ఆరాధనకి వచ్చే ప్రతి ఒక్కరి పేరూ ఇవ్వక్కర్లేదు. ఆ ఏడుగురు ఎవరన్నది ఆలోచించి పెట్టుకోండి. మీరన్న పెద్ద సమస్యకి ఈ చిట్కా జవాబు కాదని నాకు తెలుసు. సమాధుల బాట మాత్రం వెంటనే పట్టుకోవాల్సిన పని. పంచాయతీ తీర్మానం, తహసీల్దార్ దగ్గర సర్వే అర్జీ, రెండూ పెట్టండి. ఎఫ్ఎంబీ (పొలాల కొలతల సర్వే పటం) తీయిస్తే పాత బాట ఉందో లేదో తెలుస్తుంది.

చెరువు గట్టు

నీటి ప్లాంటు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతా. మన డెల్టాలో బోరు నీళ్లు ఉప్పు, రొయ్యల చెరువులొచ్చాక ఇంకా ఉప్పు. ఆర్వో ప్లాంటు పెడితే పోసిన నీళ్లలో సగానికి దగ్గరగా మరింత ఉప్పుతో బయటికి పోతాయి. అవి ఎటు వదులుతారు? పక్కవాడి చేలోకి వదిలితే సంఘం మీదే పంచాయితీ. పైగా మెంబ్రేన్ మార్చాల్సి వచ్చినప్పుడు డబ్బుల్లేక మూతపడిన ప్లాంట్లు చూశాను, దాతల పేర్లున్న బోర్డు మాత్రం మిగులుతుంది. ఏటా కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు సరిగ్గా నింపించడం, దాని ఫిల్టర్ బెడ్ల ఇసుక మార్పించడం మీద ఊరంతా కలిసి పంచాయతీని అడగండి. సంఘం ఆ అడిగేవాళ్లలో ఒకటిగా ఉంటే చాలు, ప్లాంటుకి సొంతదారు కానక్కర్లేదు.

కొల్లేటి గాలి

అందరూ రాసినవి చదివాను. పత్రం మళ్లీ రాస్తున్నాను. ప్లాంటు తీసేశాను, చెరువు మాట పెట్టాను. మరుగుదొడ్డి, స్పీకర్లు, ఏడాది లెక్క, స్థలం పేరు మార్పు, సమాధుల బాట చేర్చాను. టీబీ మందుల అట్ట చూసే పని యూత్‌లో ఆడపిల్లలం తీసుకుంటాం, ఏఎన్ఎం గారిని అడిగి నేర్చుకుంటాం. మందిరం నిధిని ముట్టుకోం, ఊరి పనికి వేరే పెట్టె అడుగుతాం. ఎస్సీ హోదా మీద సంఘం తరఫున వినతి రాయాలన్నది కూడా పెట్టాను. అది జనరల్ బాడీలో నెగ్గుతుందో లేదో చూడాలి.

ట్యూషన్‌లో ప్రార్థన లేదన్న మాట మాత్రం మార్చను. పెద్దలు ఒప్పుకోకపోతే మందిరంలో కాకుండా మా ఇంటి వరండాలో పెడతాను.

సంఘ పెద్ద

వరండా దాకా ఎందుకమ్మా. షెడ్డు తాళం చెవి నా దగ్గరే ఉంటుంది, సాయంత్రం ఐదింటికి వచ్చి తీస్తాను. ప్రార్థన విషయంలో నా మనసు మారలేదు, జనరల్ బాడీలో నీకు వ్యతిరేకంగానే చేయెత్తుతాను. ఓడిపోతే మెజారిటీ మాట పాటిస్తాను. స్లాబు కూడా వదిలిపెట్టను, ఏడాది ఆగుతాను, స్థలం కాగితాలు సరయ్యేదాకా.

సమాధుల బాట చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మన ఊళ్లోనూ గట్టు అలాగే ఉంది. సర్పంచ్ గారితో మాట్లాడటానికి నేను వెళ్తాను. పేట గొంతు బ్రదర్, ఎఫ్ఎంబీకి అర్జీ ఎలా రాయాలో మీకు తెలిస్తే ఇక్కడే పెట్టండి.

పేట గొంతు

పెడతాను అయ్యగారూ. సమాధుల స్థలం సర్వే నంబరు, దానికి చుట్టూ ఉన్న చేల సర్వే నంబర్లు ముందు రాసుకుని రండి. సర్పంచ్ గారి దగ్గరికి మీరొక్కరే వెళ్లొద్దు. చేలవాళ్లలో ఒకరిద్దరిని, వెనక వీధివాళ్లలో ఒకరిని కూడా తీసుకెళ్లండి.